జెండాలో తెల్లని చోటు – పింగళి వెంకయ్య గారు

చిన్నారులూ, పోస్టరు గీయమని చార్టు ఇస్తే మీరు మూలమూలలా రంగులు నింపేస్తారు. కాస్త తెల్లగా మిగిలితే పని పూర్తి కాలేదనుకుంటారు. బొమ్మ ఎంత ముఖ్యమో దాని చుట్టూ వదిలే ఖాళీ కూడా అంతే ముఖ్యమని మేము తరగతిలో చెబుతూనే ఉంటాం. దానికి మన జాతీయ జెండా కంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. అందుకే ఈసారి ఆ జెండాకు తొలిరూపం గీసిన తెలుగువారి కథ.

పింగళి వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టారు. యువకుడిగా సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీజీతో పరిచయం అక్కడే. తిరిగొచ్చాక కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు, జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అయ్యారు, వజ్రాల గురించి శోధించి డైమండ్ వెంకయ్య కూడా అయ్యారు! మాకు మాత్రం జెండా వెంకయ్య అన్న పేరే ఇష్టం. దేశానికి ఎలాంటి జెండా ఉండాలో చూపిస్తూ 1916లో ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చువేశారు.

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీ అడగగానే ఎరుపు, ఆకుపచ్చ పట్టీల మీద రాట్నం గీసి ఇచ్చారు. తెలుపు కూడా చేర్చమన్నది గాంధీజీ. అప్పుడు తెలుపు పైన, ఆకుపచ్చ మధ్యలో, ఎరుపు కింద ఉండేవి. రాట్నం మూడు పట్టీల మీదా పరుచుకుని ఉండేది. దాని గీతలు రంగుల్లో కలిసిపోయి, దూరం నుంచి చూసేవాళ్ళకు రాట్నం తేలిగ్గా ఆనదు.

1931లో కాంగ్రెస్ జెండాను మార్చింది. ఎరుపు పోయి కాషాయం వచ్చింది, తెలుపు మధ్యకు దిగింది, రాట్నం ఆ తెలుపులోకి చేరింది. చుట్టూ ఖాళీ దొరికేసరికి రాట్నం కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించింది. మా దృష్టిలో జెండాకు జరిగిన అన్నిటికంటే మంచి మార్పు ఇదే.

ఇంకో చిక్కు మిగిలింది. పోస్టరును ఒకవైపు నుంచే చూస్తాం, జెండాను రెండువైపుల నుంచీ చూస్తాం. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు. వెనక నుంచి చూస్తే తిరగబడుతుంది. 1947 జులై 22న దాని స్థానంలో 24 ఆకుల అశోక చక్రాన్ని ఆమోదించడానికి ఇదీ ఒక కారణం. చక్రం ఎటు నుంచి చూసినా చక్రమే.

మనం ఉంటున్న సౌదీ అరేబియా జెండాకూ ఇదే చిక్కు ఉంది. పవిత్ర వాక్యం తిరగబడి కనిపించకూడదు కదా! అందుకని ఏ వైపు నుంచైనా కుడి నుంచి ఎడమకు సరిగ్గా చదవగలిగేలా రెండు ముఖాలూ తయారుచేస్తారు. అక్కడ రంగు చుట్టూ ఉంటుంది, తెలుపే అక్షరమవుతుంది. ఈసారి రెండు జెండాలూ కనిపించినప్పుడు వెనకవైపుకు కూడా వెళ్ళి చూడండి.

ఇప్పటి జెండాలో చాలామంది చేతులున్నాయి. అంతా వెంకయ్య గారొక్కరే గీశారని మేము చెప్పం. కానీ దేశానికొక జెండా కావాలని పుస్తకం పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి ఆయన. చివరి రోజులు పేదరికంలో గడిపి, 1963 జులై 4న కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ 2009లో వచ్చింది.