డాక్టరు మరియా మాంటిస్సోరి



మాంటిస్సోరి అను పేరు చిన్నపిల్లల బడుల బోర్డులమీద మనము చూచినదే. అయితే ఆమె పని ఆరంభమైనది తెలివిగల పిల్లల మధ్య కాదు, వెర్రివారని విడువబడిన పిల్లల మధ్య. వేదాంత కళాశాలలో చదువు దినములలో నాకిది తెలియదు.

1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో ఆమె జన్మించెను. స్త్రీలు వైద్యవిద్యకు రాని ఆ కాలములో రోము విశ్వవిద్యాలయమున చదివి 1896లో డాక్టరాయెను. పిచ్చాసుపత్రులను దర్శించినప్పుడు, బుద్ధిమాంద్యముగల పిల్లలను ఒట్టి గదిలో ఉంచుట చూచెను. పట్టుకొనుటకు ఒక్క వస్తువైనను లేదు. భోజనమైన పిమ్మట వారు నేలపైనున్న రొట్టె తునకలకై వెదకుచుండిరట. కాపలామనిషికి అది తిండియాశ. ఈమెకు మాత్రము అది పనిలేని చేతుల ఆకలి.

ఫ్రాన్సులో ఇటార్డు, సెగ్విన్ అను వైద్యులు ఇట్టి పిల్లలకు విద్య నేర్పిన సంగతి చదివి, సెగ్విన్ గ్రంథమును స్వహస్తముతో వ్రాసికొనెను. 1900లో రోములో ఇట్టి పిల్లల బడికి సహ సంచాలకురాలాయెను. పగలంతయు బోధించి, రాత్రి సామగ్రి సిద్ధపరచుకొనెడిది. అక్కడి పిల్లలు కొందరు మామూలు పిల్లల పరీక్షలలోనే నెగ్గిరి. లోకము మెచ్చుకొనుచుండగా, ఆరోగ్యముగల పిల్లలు మన బడులలో ఇంత వెనుకబడుటకు కారణమేమని ఆమె చింతించెను. 1907లో సాన్ లొరెంజో పేటలో తెరచిన బాలల గృహమునకు మూలమిదే.

1898లో ఆమెకు కుమారుడు కలిగెను. వివాహము లేదు. బిడ్డ పల్లెలో పరుల యింట పెరిగెను. ఈ సంగతిని దాచనక్కరలేదనుకొందును. ఆ మారియోయే పెద్దవాడై 1939లో ఆమెతో మద్రాసు వచ్చెను. 1940లో ఇటలీ యుద్ధములో దిగగా ప్రభుత్వము అతని నిర్బంధించి, తల్లి డెబ్బదవ జన్మదినమున విడిచిపెట్టెను. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు ఆటిజమును వర్ణించునాటికి ఆమె కొడైకెనాలులో నుండెను. రోము బడిలో అట్టివారెందరో ఎవరును చెప్పలేరు. అప్పటికి ఆ పేరే లేదు. 1952 మే 6న హాలండులో ఆమె మరణించెను. బుద్ధిమాంద్యముగల వారికొరకు మన సికింద్రాబాదులో జాతీయ సంస్థ 1984లో వెలసినది.

మన సంఘములో సున్నపు బట్టీ కార్మికుని బిడ్డ ఒకడు మాటలాడడు. డప్పు మ్రోగగానే చెవులు మూసికొని కేకలు వేయును. వానిని బయటికి తీసికొనిపొమ్మని ఆ తల్లితో చెప్పినది నేనే. తరువాత సిగ్గుపడి వారింటికి వెళ్లితిని. వాకిట సున్నపురాళ్లను చిన్నది మొదలు పెద్దదానివరకు వరుసగా పేర్చుచున్నాడు. నేనొక రాయి తీసి వేరొకచోట పెట్టితిని. నా ముఖము చూడకయే దానిని తీసి, దాని చోట దానిని పెట్టెను.