రంగు అంటని మెదడు – పాల్ ఎర్లిక్ మహాశయుని జీవితము

మహనీయుల జీవితచరిత్రలు చదివేటప్పుడు మనము సాధారణముగా వారి విజయములనే లెక్కించుకొంటాము. వారు పొందిన బహుమానములను, కనుగొన్న ఔషధములను, అధిష్ఠించిన పదవులను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి వస్తాము. అయితే గొప్పవాని విజయము కంటె ఆయన పొరపాటు ఒక్కొక్కప్పుడు మనకు ఎక్కువ నేర్పుతుంది. తెలుగు బోధించే మేము ఒక జర్మన్ వైద్యశాస్త్రజ్ఞుని గూర్చి వ్రాయ సాహసించుటకు కారణము ఇదే. తప్పు సమాధానము చెప్పవలసి వస్తుందేమోనన్న భయముతో తరగతిలో నోరు విప్పని విద్యార్థులను ఏటేటా చూస్తూనే ఉన్నాము. వారి కొరకు ఈ జీవితకథను ఎన్నుకొన్నాము.

పాల్ ఎర్లిక్ 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన, నాటి ప్రష్యా రాజ్యమునకు చెందిన సైలీషియా ప్రాంతములో స్ట్రేలెన్ అనే చిన్న పట్టణములో ఒక యూదు కుటుంబములో జన్మించారు. ఆ పట్టణము నేడు పోలండ్ దేశములో ఉన్నది. తండ్రి ఇస్మార్ సత్రము నడిపేవారు. తల్లి రోజా. తల్లి వైపు బంధువైన కార్ల్ వైగర్ట్ పాల్ కంటె తొమ్మిదేండ్లు పెద్ద. ఈయన వైద్యశాస్త్రమున పేరు గడించినవారు. సూక్ష్మదర్శిని క్రింద శరీరపు పొరలకు రంగులద్ది పరిశీలించే విద్యపై పాల్‌కు తొలి ఆసక్తి కలిగించినవారు ఆయనే. పాఠశాలలో పరీక్షలంటే పాల్‌కు ఎంతమాత్రము ఇష్టముండేది కాదట. ఈ మాట చదివి మా విద్యార్థులు అతిగా సంతోషించనవసరము లేదు. పరీక్షలను ద్వేషించిన ఆ బాలుడు పఠనమును మాత్రము ఎన్నడూ ద్వేషించలేదు.

ఎర్లిక్ జన్మించిన రెండేండ్లకు, 1856లో, ఇంగ్లండులో విలియం పెర్కిన్ అనే యువకుడు తారు నుండి లభించే పదార్థములతో ఊదారంగును తయారు చేశారు. అటుపిమ్మట కృత్రిమ వర్ణముల పరిశ్రమ జర్మనీలో మహావృక్షమై పెరిగింది. వస్త్రములకు వేయుటకు పుట్టిన ఆ రంగులను ఎర్లిక్ జీవకణములకు వేసి చూశారు. ఒక రంగు ఒక కణమునకే అంటుకొంటుంది, ప్రక్కనున్న మరొక కణమును తాకనైనా తాకదు. ఎందువలన? రంగునకు, కణమునకు మధ్య ఏదో రసాయనిక బాంధవ్యము ఉండి తీరాలని ఆయన భావించారు. బ్రెస్లావ్, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయములలో చదివి, 1878లో ఈ రంగుల విద్యపైనే పరిశోధన వ్యాసము సమర్పించి పట్టము పొందారు. ఆయన జీవితమంతా ఈ ఒక్క భావమునకు వ్యాఖ్యానమే అనవచ్చు.

అదే ఏడు బెర్లిన్ నగరములోని షారిటే వైద్యశాలలో ఫ్రెరిక్స్ అనే ఆచార్యుని వద్ద సహాయకునిగా చేరారు. రక్తములోని తెల్లకణములను రంగుల ద్వారా తెగలు తెగలుగా విడదీసి చూపారు. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని లోకమునకు ప్రకటించగా, ఆ క్రిమికి రంగు వేసే పద్ధతిని ఎర్లిక్ వెంటనే మెరుగుపరచారు.

మా కథకు ఆయువుపట్టు వంటి ఘట్టము 1885లో జరిగింది. ఎర్లిక్ బ్రతికియున్న జంతువుల శరీరములోనికి కొన్ని కృత్రిమ వర్ణములను ఎక్కించి, తరువాత అవయవములను పరీక్షించారు. కాలేయము, మూత్రపిండములు, కండరములు, అన్నియు రంగు పులుముకొన్నవి. మెదడు, వెన్నుపాము మాత్రము తెల్లగానే మిగిలిపోయినవి. హోలీ పండుగనాడు వీధి వీధంతా తడిసి ముద్దయి, నడుమ ఒక్క ఇల్లు మాత్రము వెల్లవేసినట్లే నిలిచియుంటే ఎంత వింతగా ఉంటుందో, ఇదియు అంత వింతయే.

ఈ వింతకు ఎర్లిక్ చెప్పిన కారణము ఆయన పూర్వ సిద్ధాంతమునకు సరిగ్గా అతికినట్లున్నది. మెదడు పదార్థమునకు ఆ రంగులతో బాంధవ్యము లేదు, కనుక అది రంగు పట్టలేదని ఆయన తలచారు. ఆ మరుసటి సంవత్సరము మిథిలీన్ బ్లూ అనే మరొక రంగు జీవించియున్న నాడీతంతువులను నీలవర్ణముతో నింపుటయు చూశారు. కొన్ని రంగులు పట్టుచున్నవి, కొన్ని పట్టకున్నవి. బాంధవ్యమే కారణమనుటకు ఇంతకంటె ఏమి కావాలి? ఆయన తర్కములో సోమరితనము లేదు. అయినను ఆ తీర్పు పొరపాటు. రంగు మెదడును చేరి విడిచిపెట్టలేదు, అసలు మెదడును చేరనే లేదు. నడుమ ఒక గోడ ఉన్నది. ఆ గోడ చేసిన పనిని తొలుత చూచినది ఎర్లిక్ కన్నులే. అది గోడ అని మాత్రము ఆయన గ్రహించలేదు.

ఆ తరువాతి సంవత్సరములు కష్టకాలము. ఆదరించిన ఫ్రెరిక్స్ 1885లోనే మరణించారు. క్షయ సోకగా ఎర్లిక్ భార్య హెడ్విగ్‌తో కలిసి ఈజిప్టు వెళ్ళి, ఆరోగ్యము చేకూర్చుకొని 1889లో తిరిగి వచ్చారు. వచ్చేసరికి ఆయన కొరకు కాచుకొన్న ఉద్యోగము లేదు. స్వంత ఖర్చుతో ఒక చిన్న ప్రయోగశాల అమర్చుకొన్నారు. 1891లో కాక్ తన సంస్థలోనికి ఆహ్వానించారు. అక్కడ బేరింగ్‌తో కలిసి కంఠవాతమునకు, అనగా డిఫ్తీరియాకు, విరుగుడు సీరమును కొలిచి వాడే పద్ధతిని స్థిరపరచారు. పసిబిడ్డల గొంతులు నొక్కి చంపే ఆ వ్యాధికి సీరము మోతాదు నిర్ణయించుట ఆనాడు చిన్న విషయము కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. నాటి ప్రష్యాలో యూదునికి విశ్వవిద్యాలయమున పూర్తి ఆచార్యపదవి లభించుట మిక్కిలి దుర్లభము. క్రైస్తవము స్వీకరించినచో ఆ తలుపు తెరుచుకొనేది. ఎర్లిక్ పుట్టిన మతమును విడువలేదు, పదవి కొరకు ప్రాధేయపడనూ లేదు. లోకప్రసిద్ధుడైన ఆయనకు ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో కొత్తగా ఏర్పడిన విశ్వవిద్యాలయము 1914లో, అరువదవ ఏట, ఆ గౌరవమును ఇచ్చింది. అల్పసంఖ్యాక వర్గములు స్థాపించుకొన్న విద్యాలయములో చదివే విద్యార్థులకు ఈ విషయమును వివరించి చెప్పనక్కరలేదు. ఆయన దీనికి ఇచ్చిన సమాధానము పనియే తప్ప ఫిర్యాదు కాదని మాత్రము గుర్తుంచుకోవాలి.

1897లో ఎర్లిక్ తన ప్రసిద్ధ సిద్ధాంతమును ప్రకటించారు. కణముపై ప్రత్యేకమైన గ్రాహకములుంటాయి, తాళమునకు తాళపుచెవి వలె వాటికి సరిపోయే పదార్థమే వాటిని అంటుకొంటుంది అన్నది దాని సారాంశము. 1908లో మెచ్నికాఫ్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమానము అందుకొన్నారు.

1899లో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ చేరారు. గేఓర్గ్ స్పేయర్ అనే ధనికుని వితంతువు ఫ్రాన్సిస్కా భర్త స్మృత్యర్థము ఇచ్చిన విరాళముతో 1906లో అక్కడ ఒక పరిశోధనాలయము వెలసింది. రోగిని ముట్టక రోగక్రిమిని మాత్రమే కొట్టే మందు, గురితప్పని తూటా వంటి మందు, సాధించుట ఎర్లిక్ లక్ష్యము. చుట్ట ఆరకుండా, రంగు రంగుల చీటీలపై సహాయకులకు ఆదేశములు వ్రాస్తూ ఆయన వందలాది పదార్థములను పరీక్ష చేయించారు. పాషాణము కలిసిన 606వ పదార్థమును మునుపటి సహాయకుడొకరు పనికిరాదని ప్రక్కన పెట్టారు. 1909లో జపాను నుండి వచ్చిన సహచిరో హటా ఓపికతో దానిని మరల పరీక్షించి, సవాయి రోగక్రిములపై అద్భుతముగా పనిచేయుచున్నదని కనుగొన్నారు. 1910లో సాల్వర్సాన్ అనే పేరుతో అది లోకమునకు అందింది. అమ్మకమునకు ముందు సుమారు 65,000 మోతాదులను వైద్యులకు ఉచితముగా పంపి ఫలితములు తెప్పించుకొన్నారు.

విధి ఇక్కడ ఒక విచిత్రమైన పరీక్ష పెట్టింది. శరీరమంతటా పనిచేసిన ఆ మందు, రోగము మెదడునకు ప్రాకినవారి విషయములో తగినంతగా పనిచేయలేదు. వృద్ధి చెందిన సవాయితో మతిభ్రమించి పిచ్చాసుపత్రులలో మరణించేవారు ఆనాడు అసంఖ్యాకులు. 1913లో నొగూచి, మూర్ అనేవారు అట్టి రోగుల మెదడులో ఆ క్రిములనే ప్రత్యక్షముగా చూపారు. శత్రువు కోటలోపల ఉన్నాడు, తూటా కోటగోడను దాటలేకున్నది. న్యూయార్క్‌లో స్విఫ్ట్, ఎల్లిస్ అనే వైద్యులు 1912లో ఒక ఉపాయము పన్నారు. రోగికి సాల్వర్సాన్ ఇచ్చి, ఆ పిమ్మట అతని రక్తము తీసి, దాని సీరమును వెన్నెముకలోని ద్రవములోనికి ఎక్కించారు. గోడను దాటలేక ప్రక్కదారి వెదకిరన్నమాట. ఇరువదియైదేండ్ల క్రితము తాను చూచి గుర్తించని గోడయే ఎర్లిక్ మందుకు అడ్డు నిలిచింది.

ఆ గోడ సంగతి బయటపెట్టినవారు ఎర్లిక్ శిష్యుడైన ఎడ్విన్ గోల్డ్‌మన్. ఆయన ట్రిపన్ బ్లూ అనే నీలిరంగును రక్తములోనికి ఎక్కించి గురువు చూచినదే చూశారు. మెదడు తెల్లగానే ఉన్నది. తరువాత అదే రంగును రక్తములో గాక, మెదడు చుట్టునుండే ద్రవములోనికి ఎక్కించారు. ఈసారి మెదడు నీలమైనది, శరీరములోని ఇతర అవయవములు తెల్లగా మిగిలినవి. మెదడునకు ఆ రంగుతో బాంధవ్యము లేదన్న మాట ఈ ఒక్క ప్రయోగముతో వీగిపోయినది. 1913లో ఈ ఫలితము ప్రకటించి గోల్డ్‌మన్ అదే సంవత్సరము కన్నుమూశారు. గురువు పద్ధతితోనే గురువు మాటను దిద్దిన ఈ శిష్యుని కంటె గొప్ప గురుదక్షిణ ఎవరు ఇవ్వగలరని మా ప్రశ్న.

ఎర్లిక్ అంతిమకాలము ప్రశాంతముగా గడవలేదు. సాల్వర్సాన్ వలన కొందరికి తీవ్రమైన హాని జరిగిన మాట నిజము. దానిని ఆధారము చేసికొని ఆయనపై దుష్ప్రచారము సాగింది, 1914లో న్యాయస్థానము వరకు వెళ్ళింది. నింద మోపినవానికే శిక్షపడినను, ఎర్లిక్ హృదయము బాగుగా అలసిపోయినది. 1915 ఆగస్టు 20వ తేదీన బాడ్ హోంబర్గ్‌లో ఆయన మరణించారు. నాజీల పాలనలో 1938లో ఫ్రాంక్‌ఫర్ట్ వీధి నుండి ఆయన పేరు తొలగించబడింది. వితంతువు హెడ్విగ్ స్వదేశము విడిచి వెళ్ళవలసి వచ్చింది. యుద్ధానంతరము వీధి పేరు తిరిగి వచ్చింది.

గోడ సంగతి ఆయనతో ముగియలేదు. జెనీవాలో లీనా స్టెర్న్ అనే విదుషి 1921లో దానికి రక్త-మస్తిష్క అవరోధము అన్న పేరును స్థిరపరచారు. అది ఎక్కడున్నదో తేల్చినది 1967లో రీస్, కార్నోవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఎలుక మెదడును చూడగా, సన్నని రక్తకేశనాళికల లోపలి కణములు ఒకదానితో నొకటి సందులేకుండా కుట్టినట్లు బిగిసియున్నవని తెలిసింది. మెదడునకు వేరుగా కట్టిన ప్రహరీ లేదు, ప్రతి రక్తనాళమునకు దాని గోడయే కావలి. ఈ గోడ మూసిన గోడ కాదు, దర్వాజాలున్న గోడ. గ్లూకోజు వంటి ఆహారమునకు ప్రత్యేక వాహకములు ఉన్నవి, అపరిచితములైన పదార్థములను పట్టి తిరిగి రక్తములోనికి నెట్టే భటులునూ ఉన్నవి. వణుకురోగమునకు కావలసిన డోపమిన్ ఈ గోడను దాటలేదు. దాని పూర్వరూపమైన ఎల్-డోపా అమైనో ఆమ్లముల దర్వాజా గుండా లోనికి పోయి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది.

ఈ గోడ మన తెలుగువాని కృషికి కూడ ఎదురైనది. భీమవరములో 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధన నడుపుచుండగా, పసిపిల్లల రక్తక్యాన్సర్‌కు తొలిసారి ఉపశమనమిచ్చిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువైన మిథోట్రెక్సేట్ అక్కడనే తయారైనవి. రక్తములో వ్యాధి అణగినను మెదడు పొరలలో దాగిన కణములు మరల విజృంభించేవి. మిథోట్రెక్సేట్ గోడను చాలినంతగా దాటలేదు కనుక, వైద్యులు నేటికిని దానిని వెన్నెముక ద్రవములోనికి ఎక్కిస్తారు. స్విఫ్ట్, ఎల్లిస్‌లు వెదకిన ప్రక్కదారియే ఇది.

ఇటీవలి పరిశోధన మాత్రము దర్వాజా గుండానే ప్రవేశించ చూస్తున్నది. మెదడునకు ఇనుము చేర్చుటకు ఆ కేశనాళికల కణములపై ఒక గ్రాహకము ఉన్నది. దానికి సరిపోయే ప్రతిరక్షకమునకు మందును జోడించి పంపితే, ఇనుముతో పాటు లోనికి వెళ్ళే బాటసారి వలె అదియు గోడ దాటిపోతుంది. హంటర్ వ్యాధి అనే పుట్టుకతో వచ్చే జబ్బునకు ఇట్టి ఔషధమును జపాను దేశము 2021లో అనుమతించింది. గ్రాహకము, తాళము, తాళపుచెవి — ఈ భావన ఎవరిది? 1897 నాటి ఎర్లిక్‌ది. గోడను గుర్తించలేకపోయిన ఆ మహాశయుడే దాని తాళపుచెవిని మనకు వదలి వెళ్ళారు.

విద్యార్థి మిత్రులారా! ఎర్లిక్ మెదడు తెల్లగా మిగిలిన వింతను దాచిపెట్టలేదు. చూచినది చూచినట్లు వ్రాసిపెట్టారు, దానికి తనకు తోచిన కారణము చెప్పారు. కారణము తప్పైనను చూచినది నిజము, కనుకనే శిష్యుడు దానిని దిద్దగలిగారు. తప్పుగా చెప్పిన సమాధానమును దిద్దవచ్చును, చెప్పని సమాధానమును ఎవ్వరు దిద్దగలరు? వచ్చే ఏడు మా తరగతిలో మీరు ధైర్యముగా లేచి నిలబడి, తప్పో ఒప్పో మీకు తోచినది చెప్పగలిగితే, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినదని మేము భావిస్తాము.