దండునుండి కచ్చేరికి: సర్ తామస్ మన్రో చరిత్రము

రాయలసీమయందు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిన కుటుంబము లనేకము లుండెను. ఆ పేరు ఏ దేవునిదియు కాదు, ఏ రాజుదియు కాదు. సముద్రములు దాటి దండులో కొలువునకు వచ్చి, పిమ్మట శిస్తు వసూలు చేసిన యొక స్కాట్లండు దేశస్థునిది. శిస్తు వసూలు చేయువానిని ప్రేమించి పేరు పెట్టుకొనుట లోకములో అరుదు. అట్టి అరుదైన సంగతి యెట్లు సంభవించెనో మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తలచి యీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

తామస్ మన్రో 1761 వ సంవత్సరము మే 27 వ తేదీన గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియా సీమతో వర్తకము చేయువాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వచ్చినంతనే ఆ వర్తకము కూలి, కుటుంబము దారిద్ర్యమున పడెను. గ్లాస్గో విశ్వవిద్యాలయములో చదివిన కుమారుడు పొట్టకూటికై ఈస్టిండియా కంపెనీవారి సేనలో కడపటి మెట్టయిన క్యాడెటు పని సంపాదించుకొని, 1780 జనవరి నెలలో చెన్నపట్టణమున దిగెను. ఆనాటికి ఆయనకు పందొమ్మిదేండ్లయినను నిండలేదు.

అదే సంవత్సరము హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. సెప్టెంబరు నెలలో పొల్లిలూరు దగ్గర కర్నలు బెయిలీ దళము నాశనమయ్యెను. అక్కడికి కొలది మైళ్ల దూరమున కాంచీపురమందు సర్ హెక్టరు మన్రో యొక్క పెద్ద సేన యుండెను. మన క్యాడెటు ఆ సేనలోనివాడే. బియ్యము లేక, బరువు మోయు ఎద్దులు చాలక, ఆ సేన తన ఫిరంగులను కాంచీపురపు కోనేటిలో పడద్రోసి చెన్నపట్టణమునకు మరలవలసి వచ్చెను. పిమ్మట సేనాధిపతియై వచ్చిన సర్ ఐర్ కూటు యుద్ధములు గెలిచియు, ఓడలమీద వచ్చు బియ్యమునకై సముద్రతీరమును విడువలేకపోయెను. కత్తి యెంత పదునైనదైనను గోనె ఖాళీయైనచో సేన నిలువదను సంగతిని మన్రో పుస్తకమున గాక ఆకలితో నేర్చుకొనెను.

1781 నవంబరులో ఆయన ఒక బ్రిగేడునకు క్వార్టర్ మాస్టరుగా నియమింపబడెను. దండు ఎచ్చట విడియవలెను, నీరెచ్చట దొరకును, గుడారములెన్ని, దాణా యెంత యను లెక్క లెల్ల ఆ యుద్యోగమునకు చెందినవి. ఇందులో కీర్తి తక్కువ, పొరపాటు చేసినచో నింద యెక్కువ. ఒక యూరిలో ఎన్ని పుట్ల ధాన్యమున్నది, ఎన్ని ఎద్దులను తీసికొనిన రైతు దుక్కి దున్నుకొనగలడు అను విషయము తెలియవలెనన్నచో ఆ యూరివారి మాట తెలియవలెను. మన్రో హిందూస్థానీని, పారసీకమును శ్రద్ధతో అభ్యసించెను. తన కొలది జీతములోనుండి తల్లిదండ్రులకు సొమ్ము పంపుట మాత్రము మానలేదు.

1788 లో ఆయన ఆంబూరునందు కెప్టెన్ అలెగ్జాండరు రీడు క్రింద వార్తలు సేకరించు శాఖలో సహాయకుడయ్యెను. ఈ రీడు మన్రోకు నిజమైన గురువు. టిప్పు సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధమున కారన్వాలిసు ప్రభువు 1791 మే నెలలో శ్రీరంగపట్టణము వాకిటివరకు పోయియు, ఎద్దులు చచ్చి, ధాన్యము లేక, కోట పగులగొట్టు ఫిరంగులను తానే ధ్వంసము చేయించి వెనుకకు మరలెను. మరుసటి సంవత్సరము ఆయన గెలిచెను. ఈ రెంటికిని గల భేదములో పెద్దపాలు లంబాడీల యెద్దుల మందలు. వారిని నమ్మించి, ధాన్యము కొనిపించి, దండు వెంట నడిపించు బాధ్యత రీడుదే. లంబాడీని కొట్టి తెచ్చుకొన వీలులేదు. ధర సరిగా ఇచ్చి, మాట నిలుపుకొనిననే అతడు మరల వచ్చును.

1792 లో సంధివలన బారామహలు సీమ కంపెనీవారి వశమయ్యెను. అది నేటి కృష్ణగిరి, ధర్మపురి, సేలము ప్రాంతము. అప్పటి సివిలుద్యోగులకు దేశభాషలు రావు, వారి నిజాయతీ యెడల కారన్వాలిసునకు నమ్మకమును లేదు. కావున ఆయన రీడును ఆ సీమకు అధికారిగా నియమించెను. రీడుకు ముగ్గురు సహాయకులు, అందరును సైనికోద్యోగులే. వారిలో మన్రో యొకడు. ముప్పది యొకటవ యేట ఆయన దండును విడిచి కచ్చేరిలో ప్రవేశించెను. సిపాయికి శిస్తు పని యేమి తెలియునని ఆక్షేపించిన సివిలువారు లేకపోలేదు. కాని మన్రో యేడు సంవత్సరములు పొలముల వెంట తిరిగి, ఒక్కొక్క రైతును ప్రశ్నించి, ఒక్కొక్క చెక్కను కొలిపించి, ఆ యాక్షేపణకు తన పనిచేతనే సమాధానము చెప్పెను. నడుమ ఇజారాదారు, జమీందారు లేక, రైతే నేరుగా సర్కారునకు శిస్తు చెల్లించు రైతువారీ పద్ధతి ఈ సీమలోనే రూపము దాల్చెను.

1799 లో టిప్పుతో కడపటి యుద్ధము రాగా, మన్రో మరల రీడు వెంట సేనకు ధాన్యము, ఎద్దులు చేర్చు దళములో పనిచేసెను. పిమ్మట కన్నడసీమ యేలుబడి ఆయనకు ఇష్టము లేకయే మీదబడెను. కొంతకాలమునకు ఆయన మనవి ఆలకింపబడి, 1800 లో నిజాము కంపెనీవారికి ఇచ్చివేసిన దత్తమండలములకు ఆయన ప్రధాన కలెక్టరాయెను. నేటి బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, కర్నూలు సీమలో కొంతభాగమును ఇందు చేరియుండెను. ఇంత విశాలమైన భూమికి ఆయన క్రింద నలుగురు సహాయకులు మాత్రమే.

సీమ యప్పటికి ఛిన్నాభిన్నమై యుండెను. సుమారు 80 మంది పాళెగాండ్రు తమతమ కోటలలో స్వతంత్రులై, రైతులవద్ద ఇష్టము వచ్చినంత గుంజుచుండిరి. మన్రో సేనాబలముతో వారిని అణచెను. అనేకుల పాళెములు పోయెను, ఆ పనిలో కాఠిన్యము లేదని మేము చెప్పజాలము. కాని తన మట్టునకు ఆయన కావలి సిపాయీలు లేకయే గ్రామములలో తిరుగుచుండెను. సిపాయీలు వెంటనున్నచో రైతు దగ్గరకు రాడని దండులో పనిచేసినవానికి తెలియదా? చెట్టు క్రింద గుడారము వేసికొని, ఉదయమునుండి రాత్రివరకు రెడ్లు, కరణములు, కాపులు చెప్పుకొను మొరలు వినుటయే ఆయన దినచర్య. 1802 లో మొదలుపెట్టిన పైమాయిషీ ముగియుటకు నాలుగైదేండ్లు పట్టెను.

1803 లో మహారాష్ట్రులతో యుద్ధము రాగా, జనరల్ ఆర్థర్ వెల్లెస్లీ ఎద్దులకును ధనమునకును మన్రోకే వ్రాసెను. అస్సాయి యుద్ధమును తాను నడిపిన తీరును గూడ ఆయనకు వివరించి లేఖ పంపెను. కచ్చేరిలో కూర్చున్నను ఆయన సలహా దండునకు కావలసియే యుండెను.

ఇక ఆయన జీవితములో మిక్కిలి ముఖ్యమని మాకు తోచిన ఘట్టమును చెప్పెదము. మన్రో యేలుబడిలో ఆ సీమ శిస్తు ఇంచుమించు ఒకటిన్నర రెట్లయ్యెను. పైవారు సంతసించిరి. అంతటితో ఊరకుండిన ఆయనకు మెప్పే గాని నష్టము లేదు. కాని ఆయన తాను వేసిన శిస్తునే తాను పరీక్షించుకొనెను. పంటలో నూటికి 45 పాళ్లు సర్కారునకు పోవుచున్నవనియు, రైతు దీనిని మోయజాలడనియు లెక్క తేల్చి, శిస్తును నూటికి 25 చొప్పున, తోట భూములకును నీటివసతి గల భూములకును ఇంకను కొంత హెచ్చుగా తగ్గింపవలెనని 1807 లో పైవారికి వ్రాసెను. వారు ఆ మాట వినలేదు. రైతువారీని మాని గ్రామములను గుత్తకిచ్చిరి. మొదట మూడేండ్ల గుత్త, పిమ్మట పదేండ్ల గుత్త. గుత్తదారులలో అనేకులు చెడిరి, వారితో గ్రామములును చెడెను. మన్రో యీ నడుమ ఇంగ్లండు పోయి, 1814 లో న్యాయవిచారణ సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడై తిరిగివచ్చెను. 1816 నాటి శాసనములవలన గ్రామ మునసబులకును పంచాయతీలకును చిన్న వ్యాజ్యములను తీర్చు అధికారము కలిగెను.

1820 లో ఆయన చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. పదమూడేండ్ల క్రిందట కలెక్టరుగా అడిగి పొందజాలని తగ్గింపు ఇప్పుడు అమలులోనికి వచ్చెను. పదవి పెరిగినప్పుడు పాత మనవిని మరచువారే హెచ్చు. ఆయన మరువలేదు.

ఉపాధ్యాయులమైన మేము మరియొక సంగతిని విడువజాలము. 1822 లో మన్రో రాజధానిలోని బడుల నెల్ల లెక్కింపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. సుమారు కోటి 28 లక్షల జనమునకు 12,498 పాఠశాలలును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. ఉపాధ్యాయులకు తగిన జీతము లేమియు, శిక్షణ లేమియు విద్యకు పెద్ద కొరతలని ఆయన గుర్తించెను. 1826 లో జిల్లాకు రెండేసి పాఠశాలలు, తాలూకాకొక పాఠశాల, ఉపాధ్యాయులను తయారుచేయుటకు చెన్నపట్టణమున నొక బడి కావలెనని ప్రణాళిక వ్రాసెను. సేనకు బియ్యము లెక్కించిన చేయియే బడికి పిల్లలను లెక్కించెను. ఆయన పోయిన పిమ్మట ఆ ప్రణాళిక క్షీణించుట మన దౌర్భాగ్యము.

ఉద్యోగము చాలించుకొందునని ఆయన 1823 లోనే కోరెను. అంతలో 1824 లో బర్మా యుద్ధము వచ్చెను. సేనలను, ఎద్దులను, ఆహారమును, ఓడలను సమకూర్చి పంపు భారములో హెచ్చుభాగము చెన్నరాజధానిపై పడగా, వృద్ధుడైన క్వార్టర్ మాస్టరు మరల తన పాత లెక్కలను చేతబట్టెను. యుద్ధము 1826 లో ముగిసెను. ఆ యేడే ఆయన భార్య రోగియైన బిడ్డను తీసికొని స్వదేశమునకు పోయెను. తానును వెంట పోవలసినవాడే. పోవుటకు ముందు దత్తమండలములలోని తన రైతులను ఒక్కసారి చూచి వత్తునని 1827 లో బయలుదేరెను. దారిలో కలరా సోకి, పత్తికొండయందు జూలై 6 వ తేదీన మరణించెను. గుత్తిలో సమాధి చేసిరి. కొన్నియేండ్లకు అస్థికలను చెన్నపట్టణము కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు కొనిపోయిరి. పత్తికొండలో ఆయన పేర బావియు తోపును, గుత్తిలో సత్రమును వెలసెను.

తిరుమల నైవేద్యమునకు ఆయన గంగాళ మిచ్చెననియు, మరణమునకు ముందు గండియొద్ద బంగారు తోరణము ఆయన కంటికి కనబడెననియు జనులు చెప్పుకొనిరి. అవి చరిత్రమునకు చెందినవి కావు. కాని జనులు తాము ద్వేషించువానిగూర్చి అట్టి కథలు చెప్పుకొనరు.

ప్రియ విద్యార్థులారా, ఆయన పరప్రభుత్వపు సేవకుడు, ఆయన వసూలు చేసిన ధనము రైతు చెమటనుండి వచ్చినదే. దీనిని మరువవలదు. కాని ఒక పనిలో నేర్చిన విద్య మరియొక పనిలో వ్యర్థము కాదని ఆయన జీవితము చూపుచున్నది. ఎద్దు ఎంత బరువు మోయగలదో దండులో తెలిసికొనిన మనుష్యుడు, రైతు ఎంత మోయగలడో కచ్చేరిలో అడిగెను. బరువు ఎక్కువయైనదని తోచినప్పుడు, దానిని మోపినవాడు తానే యైనను, పైవారితో ఆ మాట చెప్పెను. మీరు రేపు ఏ యుద్యోగమున నున్నను, మీ క్రింద బరువు మోయువాని వీపును చూచుట మరువకుందురు గాక.