షో అడిగితే ఏం జూపిస్తవ్?

డిగ్రీ రెండో ఏడు దీపావళికి ఊళ్లె తీన్‌పత్తకు కూసున్న. జేబుల నాయిన ఫీజుకని ఇచ్చిన నాలుగు వేలు. సగం పోయినంక మొండి లేసింది. చేతిల పనికొచ్చే ముక్క ఒక్కటి లేకున్నా, పెద్ద ముక్కలు వడ్డోని లెక్క పెంచుకుంట పోయిన. అందరు ప్యాక్ జేసిండ్రు, ఒక్క కాక తప్ప. ఆయన నిమ్మళంగ షో అడిగిండు. గంతే, నాలుగు వేలు ఖతం.

బ్లఫ్ అంటే గుండెధైర్యం అనుకునేటోన్ని. కాదు, అది లెక్క అని నాకు నేర్పింది నేను పుట్టకముందే సచ్చిపోయిన ఒక హంగేరీ మనిషి. పేరు జాన్ వాన్ న్యూమన్.

1903 డిసెంబర్ 28న బుడాపెస్ట్‌ల పుట్టిండు. తండ్రి బ్యాంకుల పెద్ద కొలువు జేసేటోడు. పెద్ద పెద్ద అంకెల భాగారాలు పిలగాడు చిన్నప్పుడే నోటిలెక్కల జేసేటోడని చెప్తరు. అయినా ఒట్టి గణితం కూడు పెడ్తదా అని తండ్రికి రంధి. మన ఇండ్లల్ల లెక్కనే, ఇంజినీరింగ్ సదువుమన్నడు. కొడుకు రెండూ సదివిండు. జ్యూరిక్‌ల కెమికల్ ఇంజినీరింగ్, బుడాపెస్ట్‌ల గణితంల డాక్టరేట్. రెండూ 1926లనే అయిపోయినయి.

1928ల ఆటల మీద ఒక వ్యాసం అచ్చేసిండు. చదరంగంల అన్నీ కండ్ల ముందలనే ఉంటయి. పోకర్‌ల ఎదుటోని ముక్కలు కనవడయి, వాడు ఏమనుకుంటుండో తెల్వది. గసొంటి కాడ ఎట్ల ఆడాలె? గీ ప్రశ్న ఆయనను ఇడిసిపెట్టలె. 1930ల అమెరికా పోయిండు. 1933 నుంచి ప్రిన్స్‌టన్‌ల ఐన్‌స్టైన్ పనిజేసిన సంస్థలనే ప్రొఫెసర్. 1944ల ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ అనే ఆర్థికవేత్తతోని కలిసి గేమ్ థియరీ మీద ఆరువందల పేజీలు దాటిన బుక్ రాసిండు. అండ్ల పోకర్ మీద, బ్లఫ్ మీద పెద్ద భాగమే ఉంటది.

అండ్ల విషయం జెర వినుండ్రి. బ్లఫ్ ఎందుకు? ముక్కలు లేకున్నా ఆట కొట్టెయ్యొచ్చు, అది ఒక లాభం. రెండోది ఇంకా పెద్దది. నువ్వు అప్పుడప్పుడు బ్లఫ్ కొడ్తవని తెలిస్తేనే, నీకు నిజంగ పెద్ద ముక్కలు వడ్డప్పుడు ఎదుటోడు పైసలు పెడ్తడు. ఎన్నడూ బ్లఫ్ కొట్టనోడు పెంచంగనే అందరు ప్యాక్ జేస్తరు.

ఏ ముక్కలతోని కొట్టాలె? నడిమిరకం వాటితోని కాదు. అవి ఊకెనే షోకు పోయినా గెలిచే తందుకు ఉంటది. బాగ చెడ్డ ముక్కలతోనే కొట్టాలె.

ఎన్నిసార్లు? నడుమ వంద రూపాలున్నయనుకోండ్రి. నువ్వు ఇంకో వంద పెట్టినవ్. ఎదుటోడు చూడాల్నంటే వంద పెట్టాలె, గెలిస్తే రెండొందలొస్తయి. అంటే నువ్వు మూడుసార్లు పెంచితే రెండుసార్లు నిజంగ ముక్కలుండాలె, ఒక్కసారే బ్లఫ్. గప్పుడు వాడు చూసినా, ప్యాక్ జేసినా ఒకటే. ఎటూ తేల్చుకోలేడు. వంద కాకుండ యాభయ్యే పెడితే నాలుగింట్ల ఒకటే బ్లఫ్. పెట్టే పైసలు, పెట్టే తీరు రెండిట్లనూ ఒక్కతీరుగనే ఉండాలె.

నేనేం జేసిన? పోయిన పైసల కోపంతోని కొట్టిన. అన్నిసార్లు అదే కొట్టిన. అదీ ఎన్నడూ ప్యాక్ జెయ్యని కాక మీద. ప్యాక్ జెయ్యనోని మీద బ్లఫ్ ఏంది?

ఇంత లెక్క తెలిసిన న్యూమన్ పోకర్‌ల పెద్ద ఆటగాడేం కాదు. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌ల ఆయన గూడ పనిజేసిండు. అక్కడి సోపతి నికొలస్ మెట్రోపొలిస్ ఒకపారి ఆటల ఈయన దగ్గర పది డాలర్లు గెలిచిండంట. అయిదు డాలర్లతోని ఈయన బుక్కే కొని, మిగిలిన అయిదు డాలర్లు అట్ట లోపట అతికిచ్చిండంట. లెక్క రాసినోడే ఓడితే, రాత్రి రెండింటికి దుప్పట్ల ఫోన్ పట్టుకున్నోని సంగతేంది?

ఆ ఫోన్ గూడ ఆయన పుణ్యమే. లెక్కలు, వాటిని నడిపే ఆదేశాలు ఒకటే మెమరీల ఉండాలనే కంప్యూటర్ నమూనాను 1945ల కాయితం మీద పెట్టిండు. ఇయ్యాల్టి మెషిన్లు చానా వరకు ఆ తొవ్వలనే నడుస్తున్నయి. పైసల ఆట యాప్‌ల ఎవ్వలు గెలిచినా యాప్‌ కమీషన్ దానికి పోతది. అది ప్యాక్ జెయ్యది, దాని మీద బ్లఫ్ పారది. తెలంగాణల పైసలు పెట్టి ఆన్‌లైన్‌ల ఆడుడు 2017లనే బంద్ వెట్టిండ్రు, 2025ల కేంద్రం గూడ చట్టం జేసింది.

1955ల న్యూమన్‌కు క్యాన్సర్ బయటవడ్డది. గంత తెలివైనోడు సావంటే మస్తు భయపడ్డడు, ఫాదర్‌ను పిలిపిచ్చుకున్నడు. 1957 ఫిబ్రవరి 8న వాషింగ్టన్‌ల మిలిటరీ దవాఖానల పోయిండు. 53 ఏండ్లే.

ఆయన లెక్కకు ఒక షరతున్నది. ఎదుటోనికి గూడ ఆట తెల్వాలె. నువ్వు అబద్ధమాడొచ్చని వానికి ఎరుకుండాలె, షో అడిగే హక్కుండాలె. గా షరతు లేకుంటే అది బ్లఫ్ కాదు, ఒట్టి మోసం.

ఆ దీపావళి తెల్లారి నాయిన ఫీజు కట్టినవా అనడిగిండు. కట్టిన అన్న. నా బతుకుల పారిన బ్లఫ్ అదొక్కటే. పత్తి అమ్మిన పైసలు ఇచ్చిన మనిషి నన్ను నమ్మి షో అడగలె. గిప్పటిదాంక చెప్పలె. ఇది అచ్చయినంక ఫోన్ల నేనే సదివి వినిపిస్త.