పదవిని వదలుకొన్న నాయకుడు: సర్ పిట్టి త్యాగరాయ చెట్టి

సంపద నార్జించినవారు లోకమున పెక్కురు. ఎన్నికలలో జయించినవారును పెక్కురే. జయించిన పిదప తమను వెదకుకొని వచ్చిన ప్రథమ స్థానమును వేరొకరికి విడిచి, తాము చేయుచుండిన పనిలోనే నిలిచినవారు మాత్రము అరుదు. మద్రాసు నగరమును నలువది ఏండ్లు సేవించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు అట్టి అరుదైనవారిలో ఒకరు.

1852 ఏప్రిలు మాసమున, మద్రాసు రాజధానిలో, తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున వారు జన్మించిరి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులైరి. ఆనాడు పట్టము పొందినవారు సర్కారు కొలువునో, న్యాయవాద వృత్తినో ఆశ్రయించుట పరిపాటి. చెట్టిగారు కులవృత్తియైన నేతకును, వర్తకమునకును మరలిరి. చదువు మగ్గమునకు దూరము చేయునదిగాక, మగ్గమును బాగుచేయునది కావలెనని వారి నడత తెలిపినది.

అప్పటికి సీమ మిల్లు గుడ్డ చౌకగా దిగుమతియై చేనేతవారి కూడు పడగొట్టుచుండెను. పాత మగ్గముపై నేతగాడు నాడెను ఒక చేత విసరి మరియొక చేత అందుకొనవలెను; పని నెమ్మది, రాబడి స్వల్పము. త్రాడు గుంజినంతనే నాడె తానై ఇటునటు పరుగిడు కొత్త రకపు మగ్గము వచ్చినప్పుడు, నేతవారిలో పలువురు దానిని అనుమానముతో చూచిరి. చెట్టిగారు ఉత్తర మద్రాసున తమ నేతశాలలో దానిని నెలకొల్పి, చేతి మగ్గముపైననే ఎక్కువ గుడ్డ నేయవచ్చునని చూపించిరి. ఉపన్యాసముకంటె ఉదాహరణ బలమైనదని వారి నమ్మకము.

వర్తకులకును ఒక వేదిక ఉండవలెనని వారు తలచిరి. ఐరోపా వర్తకులకు మద్రాసులో 1836 నుండి వాణిజ్య మండలి కలదు. దేశీయ వర్తకులకు అట్టిది లేదు. ఆ లోటు తీర్చుటకు 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలి ఏర్పడినది. దాని స్థాపకులలో చెట్టిగారు ముఖ్యులు. పెక్కు సంవత్సరములు దాని అధ్యక్షులుగను ఉండిరి.

వారి ప్రజాజీవితమునకు అసలు రంగము మద్రాసు నగరపాలక సంస్థ. 1882లో సభ్యులై, సుమారు నలువది వత్సరములు ఆ సభను విడువలేదు. నీటి సరఫరా, మురుగు కాలువలు, వీధి దీపములు, ప్రాథమిక పాఠశాలలు మొదలగు వానిలో పేరు రాదు, పని తరుగదు. అంతకాలము సంస్థకు సర్కారు అధికారియే అధ్యక్షుడు. 1919 నాటి చట్టముతో సభ్యులే అధ్యక్షుని ఎన్నుకొను హక్కు వచ్చినది. అట్లు ఎన్నికయై, అధికారి కాని తొలి అధ్యక్షులైనవారు చెట్టిగారే.

ఆ సభలోనే డాక్టరు టి. ఎం. నాయరుగారును సభ్యులు. ఇరువురును సమర్థులు; ఇరువురికిని పొసగదు. పెక్కు విషయములలో వారు ఎదురెదురుగా నిలిచిరి. కాని అప్పటి చదువులలోను, ఉద్యోగములలోను జనాభాలో నూటికి మూడు వంతులు మాత్రమే ఉన్న బ్రాహ్మణులకు అత్యధిక భాగము దక్కుచుండెనను విషయమున ఇరువురిదియు ఒకే అభిప్రాయము. బ్రాహ్మణేతర విద్యార్థులకు వసతిగృహము నడిపిన డాక్టరు సి. నటేశ మొదలియారుగారు వీరిరువురిని ఒకచోట కూర్చిరి. ఫలితముగా 1916 నవంబరు 20వ తేదీన మద్రాసులో దక్షిణ భారత లిబరల్ సమాఖ్య పుట్టినది. మరుసటి నెల వెలువడిన బ్రాహ్మణేతర ప్రకటనపై సంతకము చెట్టిగారిదే. 1917లో సమాఖ్యవారు జస్టిస్ అను ఆంగ్ల దినపత్రికను ప్రారంభించిరి. ఆ పేరే పార్టీకి వాడుక అయినది. తెలుగువారికొరకు ఆంధ్రప్రకాశిక ఆ పక్షమున నడచినది. తమ వ్యక్తిగత స్పర్ధను పెద్ద కార్యమునకు అడ్డు రానీయకుండుట ఇరువురి ఘనతయు.

1919 జూలైలో నాయరుగారు లండనులో మరణించిరి. భారమంతయు చెట్టిగారిపై పడినది. 1920లో కొత్త చట్టము ప్రకారము మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో 98 స్థానములకు 63 జస్టిస్ పార్టీ గెలుచుకొన్నది. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గము ఏర్పరుపుమని చెట్టిగారినే కోరెను. వారు అంగీకరింపలేదు. వారి పిమ్మట ఎ. సుబ్బరాయలు రెడ్డియారుగారు ప్రథమ మంత్రియైరి. పానగంటి రామరాయణింగారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు తక్కిన మంత్రులు. 1921లో రెడ్డియారుగారు అనారోగ్యముచే వైదొలగగా, రామరాయణింగారు ఆ స్థానమునకు వచ్చిరి. వీరే పిమ్మట పానగల్ రాజాగా ప్రసిద్ధులు. చెట్టిగారు పార్టీ నాయకులుగను, నగరాధ్యక్షులుగను నిలిచిపోయిరి. ఇతరులకు పదవులు కావలెనని పార్టీ పెట్టి, తొలి పదవిని తానే తీసికొన్నచో ఆ వాదమునకు బలమేమి మిగులును?

నగరాధ్యక్షులుగా వారు చేసిన పనులలో నేటికిని తలచుకొనదగినది ఒకటి కలదు. వేయి దీపముల ప్రాంతమున, అనగా థౌజండ్ లైట్స్‌లో, సంస్థవారి పాఠశాలకు పేదపిల్లలు రాకపోవుటకు ఆకలి కారణమని గుర్తించి, 1920లో అచ్చట పగటి ఆహారము పెట్టుటకు సభ సమ్మతించినది. పిల్లవానికి ఖర్చు ఒక అణా మించరాదని నియమము. పిమ్మట మరి కొన్ని పాఠశాలలకును అది విస్తరించినది. ప్రాథమిక విద్యా నిధి నుండి ఈ వ్యయమునకు సర్కారు అనుమతింపకపోవుటచే 1925లో ఆగిపోయినది. కాని విత్తనము చావలేదు. 1956లో కామరాజుగారి కాలమున తమిళనాట ఆ పథకము పునరుద్ధరింపబడి, 1995 నుండి దేశమంతట విస్తరించినది.

చెట్టిగారు సంప్రదాయ ప్రియులు. తెల్లని వస్త్రములనే ధరించుచుండుటచే తమిళులు వారిని శ్వేతవస్త్ర రాజుగా పేర్కొనిరి. రాజకీయములలోను వేగమునకంటె చట్టబద్ధమైన మార్గమునే కోరిరి. సహాయ నిరాకరణోద్యమమునకు విముఖులై, ఆంగ్ల ప్రభుత్వముతో సఖ్యముననే మేలు సాధింపవచ్చునని తలచిరి. ఆ వైఖరికి మూల్యమును చెల్లించిరి. 1922 జనవరి 13న వేల్సు యువరాజు మద్రాసునకు వచ్చినప్పుడు, ఆగ్రహించిన జనసమూహము వారి ఇంటిపై పడినది.

అంతకంటె గంభీరమైన విమర్శ మరియొకటి. 1921లో బకింగ్‌హామ్, కర్ణాటక్ మిల్లుల సమ్మెలో సవర్ణ కార్మికులకును, పనికి వెళ్ళిన ఆదిద్రావిడులకును ఘర్షణలు చెలరేగినవి. అప్పుడు జస్టిస్ నాయకులు తమకు న్యాయము చేయలేదని ఎం. సి. రాజాగారి వంటి ఆదిద్రావిడ నాయకులు నొచ్చుకొని దూరమైరి. న్యాయమను పేరు పెట్టుకొన్న పార్టీ అట్టడుగువారి యెడల ఆ పేరును పూర్తిగా నిలుపుకొనలేకపోయినది. 1923లో కట్టమంచి రామలింగారెడ్డిగారు పార్టీని వీడి, మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. అది 65కు 44 ఓట్ల తేడాతో వీగిపోయినను, పార్టీలోని పగుళ్ళు బయటపడినవి.

1925 ఏప్రిలులో చెట్టిగారు దేహము చాలించిరి. ఆ దినములలో మాంబళము చెరువు పూడ్చి నిర్మింపబడిన కొత్త పేటకు త్యాగరాయనగరమని వారి పేరే నిలిచినది. అదే నేటి టీ నగరు. వారి సహచరులు పానగల్ రాజా, నాయరుగార్ల పేర్లును ఆ పేటలోనే కలవు. అచ్చటి అంగళ్ళ సందడిలో ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు కొద్దిమందియే. కాని పదవి లేకయే నగరమును పాలింపవచ్చునని, మధ్యాహ్నము ఒక పిల్లవాని ఆకలి తీర్చుట మంత్రిపీఠముకంటె తక్కువ పని కాదని వారి జీవితము చెప్పుచున్నది. లోపములను దాచక చెప్పినను ఆ పాఠము విలువ తగ్గదు. ధనము, పలుకుబడి గలవారు తమ ఊరికి ఏమి చేయవలెనను ప్రశ్నకు అది ఒక సమాధానము.