ఉద్యోగం పోతే పేపర్లో అక్షరాలు లెక్కపెట్టారు.. 'స్క్రాబుల్' సృష్టికర్త ఆల్‌ఫ్రెడ్ బట్స్ కథ ఇదీ!

స్క్రాబుల్.. ఇంగ్లిష్ పదాలతో ఆడే ఆటల్లో దీనికున్న పేరే వేరు. చేతిలో ఏడు అక్షరాలు. అందులో 'క్యూ' వచ్చిందంటే ఓ పక్క ఆశ, ఇంకో పక్క టెన్షన్. ఆ అక్షరం ఉన్న పదం తడితే పాయింట్లే పాయింట్లు. తట్టకపోతే ఆట చివర్లో మన స్కోరులోంచే 10 పోతాయి. అసలు 'క్యూ'కు 10 పాయింట్లు, 'ఇ'కి ఒక్క పాయింటే ఎందుకు? ఈ లెక్క మొదలుపెట్టింది భాషా పండితుడు కాదు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న ఓ ఆర్కిటెక్ట్. ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ మోషర్ బట్స్.

మాంద్యం దెబ్బ

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం పొకీప్సీలో 1899 ఏప్రిల్ 13న బట్స్ పుట్టారు. తండ్రి లాయర్, తల్లి టీచర్. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివి న్యూయార్క్‌లో ఓ సంస్థలో చేరారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా మహామాంద్యం వచ్చిపడింది. కట్టడాలు ఆగిపోయాయి. 1931లో బట్స్ ఉద్యోగం పోయింది.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో ఆయన దృష్టి ఆటల మీద పడింది. జనం ఆడే ఆటలేంటి, అవి ఎందుకు నచ్చుతున్నాయి అని లోతుగా ఆలోచించారు. పాచికల్లాంటి అంకెల ఆటలు, చదరంగంలాంటి ఎత్తుల ఆటలు, పదాల ఆటలు.. ఇలా మూడు రకాలుగా విడదీసుకున్నారు. అంత పూర్తిగా అదృష్టం మీదా కాకుండా, పూర్తిగా తెలివి మీదా కాకుండా, రెండూ కలిసిన ఆట ఒకటి ఉండాలని ఆయన ఆలోచన.

ఫ్రంట్ పేజీయే ల్యాబ్

పదాల ఆటకు అక్షరాలు కావాలి. కానీ ఏ అక్షరం ఎన్ని పెట్టాలి? అన్నీ సమానంగా పెడితే 'జడ్'లు, 'క్యూ'లు పోగై ఆట ముందుకు కదలదు. సమాధానం కోసం బట్స్ న్యూస్‌పేపర్ ముందేసుకున్నారు. న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చేత్తో లెక్కపెట్టి గీతలు గీసుకున్నారు. కంప్యూటర్ లేదు.. పెన్సిలు, కాగితం, ఓపిక మాత్రమే.

నేటి ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో ఉన్న 100 బిళ్లలు ఆ లెక్క ప్రకారమే. అందులో 'ఇ' 12 ఉంటే, 'ఏ', 'ఐ' తొమ్మిదేసి. 'క్యూ', 'జడ్' మాత్రం ఒక్కొక్కటే. అరుదైన అక్షరానికి ఎక్కువ విలువ అన్నది సూత్రం. ఇందులో ఓ కిటుకు కూడా ఉంది. ఇంగ్లిష్‌లో 'ఎస్' చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అయినా బట్స్ నాలుగే పెట్టారు. ఎదుటివాళ్లు కష్టపడి పేర్చిన పదం చివర 'ఎస్' తగిలించి, బహువచనం చేసేసి పాయింట్లు కొట్టేస్తారని!

అందుకే ఈ ఆటలో గెలవాలంటే పెద్ద పెద్ద పదాలు తెలిస్తే చాలదు. ఇబ్బందిపెట్టే అక్షరం ఏ పదంలో ఉందో తెలియాలి. 'క్యూ' పక్కన 'యూ' లేకపోయినా చెల్లే పదాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. మనకు బాగా తెలిసిన ఫకీర్ అనే మాటకు 'క్యూ'తో రాసే స్పెల్లింగ్ అలాంటిదే.

17 ఏళ్ల ఎదురుచూపు

మొదట ఈ ఆట పేరు లెక్సికో. అప్పట్లో దీనికి బోర్డు కూడా లేదు. 1938లో 15 అడ్డం, 15 నిలువు గళ్ల బోర్డు చేర్చి, క్రిస్-క్రాస్ వర్డ్స్ అని పేరు మార్చారు. గళ్లను బ్లూప్రింట్ తీసి, అక్షరాల బిళ్లలు ఇంట్లోనే చేసి తెలిసినవాళ్లకు అమ్మారు. పార్కర్ బ్రదర్స్, మిల్టన్ బ్రాడ్లీ లాంటి పెద్ద కంపెనీలు మాత్రం వద్దన్నాయి. పేటెంట్ కూడా దక్కలేదు. ఈలోగా పాత ఉద్యోగం తిరిగి రావడంతో బట్స్ మళ్లీ డ్రాయింగ్ బల్ల దగ్గరకు వెళ్లిపోయారు.

1948లో జేమ్స్ బ్రూనో రంగంలోకి దిగారు. బట్స్ చేసిన సెట్టు ఆయన దగ్గర ఒకటి ఉండేది. అమ్మిన ప్రతి సెట్టుకు కొంత రాయల్టీ ఇచ్చేలా హక్కులు తీసుకుని, నియమాలు కొంచెం సులువు చేసి, స్క్రాబుల్ అని పేరు పెట్టారు. అయినా కాలం కలిసి రాలేదు. 1949లో 2,400 సెట్లు తయారుచేస్తే మిగిలింది 450 డాలర్ల నష్టం!

1952లో సీన్ మారిపోయింది. న్యూయార్క్‌లోని మేసీస్ స్టోర్ అధిపతి సెలవుల్లో ఈ ఆట ఆడి ముచ్చటపడి, తమ షాపుకు ఆర్డర్ ఇప్పించారని చెబుతారు. ఆ తర్వాత ఆర్డర్లు వెల్లువెత్తాయి. 1954లో దాదాపు 40 లక్షల సెట్లు అమ్ముడయ్యాయి.

ఇంట్లోనే అసలు చాంపియన్

మరి బట్స్ కోటీశ్వరుడయ్యారా? లేదు. సెట్టుకు వచ్చింది కొన్ని సెంట్లే. అందులో మూడో వంతు పన్నులకు పోయిందని, మూడో వంతు పంచిపెట్టానని, మిగిలిన దాంతో హాయిగా బతికానని ఆయన చెప్పుకునేవారు. ఇంకో విశేషం.. ఆటను కనిపెట్టిన ఈయన స్పెల్లింగ్‌లో అంత గట్టివారు కాదు! భార్య నీనానే మెరుగైన ప్లేయర్. 'క్యూ', 'ఎక్స్' రెండూ ఉన్న క్విక్సాటిక్ అనే పదంతో ఆమె ఒక్క ఎత్తులోనే దాదాపు 300 పాయింట్లు కొట్టారని చెబుతారు.

బట్స్ 1993 ఏప్రిల్ 4న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే అమెరికాలో స్క్రాబుల్ డేగా జరుపుకుంటారు. న్యూయార్క్‌లో ఆయన ఉన్న జాక్సన్ హైట్స్‌లో ఓ వీధి బోర్డు ఉంది. దాని మీద వీధి పేరులోని ప్రతి అక్షరం కింద చిన్న అంకె కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఆ అంకెలేంటో అర్థం కాకపోవచ్చు. స్క్రాబుల్ ఆడేవాళ్లు మాత్రం అక్కడే నిలబడి పాయింట్లు కూడేస్తారు.