చలనశాస్త్రమునకు పునాది వేసిన గెలీలియో

పైనుండి జారవిడిచిన రాయి నేలపై పడును. ఇది పసిబాలునకును తెలిసిన సంగతియే. కాని అది యే విధముగా పడును? మొదటి క్షణమున నెంత దిగును? రెండవ క్షణమున నెంత దిగును? 14వ శతాబ్దమున ఆక్స్‌ఫర్డు పండితులు సమముగా వేగము పెరుగు గమనమును గూర్చి గణితము చేసియుండిరి. అయినను నిజముగా పడు వస్తువు ఆ గణితమునకు లోబడునని కొలిచి చూపినవారు లేకపోయిరి. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి యొక పూటలో నేర్చుకొను ఆ సూత్రమును సాధించుటకు గెలీలియోకు సుమారు 20 ఏండ్లు పట్టినది. దానిని లోకమునకు అందించునాటికి ఆయన వృద్ధుడు, బందీ, అంధుడు.

గెలీలియో 1564వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీలోని పీసా నగరమున జన్మించెను. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. మన వీణవలె మీటి వాయించు ల్యూటు అను వాద్యమున ప్రవీణుడు. స్వరశాస్త్రమున పూర్వులు వ్రాసినదానిని ఆయన కన్నులు మూసికొని నమ్మలేదు. తంత్రులకు బరువులు వ్రేలాడదీసి పరీక్షించి, పై స్థాయి షడ్జము పలుకుటకు బరువు రెండింతలు చాలదనియు, నాలుగింతలు కావలెననియు తెలిసికొనెను. పెద్దల మాటనైనను కొలిచి చూడవలెనను బుద్ధి కుమారునకు ఇంటనే అబ్బినదనవచ్చును.

కుమారుడు వైద్యుడు కావలెనని తండ్రి కోరిక. 1581లో గెలీలియో పీసా విశ్వవిద్యాలయమున చేరెను. కాని ఓస్టీలియో రిక్కి అను గణితాచార్యుని పాఠములు వినిన పిదప ఆయన మనస్సు వైద్యము నుండి మరలి రేఖాగణితముపై లగ్నమయ్యెను. 1585లో పట్టము పుచ్చుకొనకయే విద్యాలయమును వీడెను. నాలుగేండ్ల తరువాత అదే విద్యాలయమున గణితోపన్యాసకుడుగా నియమితుడయ్యెను. జీతము సంవత్సరమునకు 60 స్కూడోలు మాత్రమే. 1591లో తండ్రి మరణించుటతో కుటుంబభారము, చెల్లెండ్ర కట్నముల బాధ్యత ఆయన తలపై బడెను. మరుసటి యేడు వెనిస్ రాజ్యములోని పాడువా విశ్వవిద్యాలయమునకు పోయి, అచ్చట 18 ఏండ్లు గడపెను.

ఆ కాలమున విద్యాపీఠములయందు అరిస్టాటిలు మాటయే వేదవాక్కు. బరువైన వస్తువు తేలికదానికంటె బరువునుబట్టి అన్నిరెట్లు వేగముగా పడుననియు, త్రోయు శక్తి ఆగిన వెంటనే గమనమును ఆగుననియు ఆ సిద్ధాంతము. గెలీలియో దీనిని తర్కముతోనే కదలించెను. పెద్దరాతికి చిన్నరాతిని కట్టి విడిచినచో ఏమగును? నెమ్మదిగా పడు చిన్నరాయి పెద్దదానిని వెనుకకు లాగవలెను. కాని రెండును కలిసిన బరువు అధికమగుటచే జంట మరింత వేగముగా పడవలెను. ఒకే సిద్ధాంతము నుండి పరస్పర విరుద్ధములగు రెండు ఫలితములు వచ్చుచున్నవి. కావున సిద్ధాంతమే తప్పు. పీసాలోని ఒరిగిన గోపురముపై నుండి ఆయన గుండ్లు జారవిడిచెనను కథ శిష్యుడైన వివియానీ వ్రాసినది. అది నిజముగా జరిగినదా యని చరిత్రకారులు సందేహింతురు.

తర్కము పాతదానిని పడగొట్టినది గాని క్రొత్తదానిని నిలుపలేదు. నిలుపుటకు కొలత కావలెను. పడు వస్తువు కనురెప్పపాటున నేల చేరును. ఆనాడు క్షణములను లెక్కింపగల గడియారము లేదు. గెలీలియో ఉపాయము సులభమైనది. పతనమును నెమ్మది పరచుటకు ఆయన వాలుగా నిలిపిన కొయ్యపలకను గ్రహించెను. అది 12 మూరల పొడవు గలది. దానిలో నిడువుగా గాడి తొలిపించి, నునుపైన తోలుపత్రము పరచి, కంచుగోళమును దొర్లించెను. కాలమును కొలుచుటకు పెద్ద నీటిపాత్ర అడుగున సన్నని గొట్టమమర్చి, గోళము దొర్లునంతసేపు జారిన నీటిని పట్టి త్రాసులో తూచెను. ఈ ప్రయోగమును నూరుసార్లు చేసి చూచితినని ఆయన తెలిపెను.

ఫలితమిది. మొదటి కాలభాగమున గోళము ఒక పాలు దూరము పోయినచో రెండవదానిలో 3 పాళ్లు, మూడవదానిలో 5, నాలుగవదానిలో 7 పోవును. మొత్తము చూడగా 1, 4, 9, 16 పాళ్లగును. అనగా దూరము కాలము యొక్క వర్గమును అనుసరించును. నేటి కొలతలలో చెప్పవలెనన్న, గాలి అడ్డులేక పడు రాయి మొదటి సెకండులో 4.9 మీటర్లు, రెండు సెకండ్లలో 19.6 మీటర్లు, మూడు సెకండ్లలో 44.1 మీటర్లు దిగును.

ఈ మార్గమున ఆయనయు తడబడెను. 1604లో తన మిత్రుడు పావ్లో సార్పీకి వ్రాసిన లేఖలో, వేగము పడిన దూరమునుబట్టి పెరుగునని తలచెను. సూత్రము సరియైనదే గాని చెప్పిన కారణము తప్పు. పిదప దానిని విడిచి, వేగము గడచిన కాలమునుబట్టి సమముగా పెరుగునని నిర్ణయించెను. నేటి త్వరణమను భావమునకు మూలమిదియే.

వాలుపలకయే ఆయనకు మరియొక సత్యమును తెలిపెను. ఒక వాలున దిగిన గోళము ఎదుటి వాలుపై దాదాపు అదే యెత్తునకు ఎక్కును. ఎదుటి వాలును తగ్గించుకొలది ఎక్కువ దూరము పోవును. వాలు పూర్తిగా లేనిచో, రాపిడి లేనిచో, అది యెచ్చట ఆగవలెను? ఆగుటకు కారణమే లేదు. ఈ సమమైన గమనమును, క్రిందికి పడు గమనమును కలిపి, ఫిరంగిగుండు పరావలయమార్గమున పోవుననియు, 45 డిగ్రీల కోణమున విడిచినపుడు మిక్కిలి దూరము పోవుననియు గణితముచే నిరూపించెను.

1609లో దూరదర్శిని ఆయన చేతికి వచ్చినది. 1610 జనవరిలో గురుగ్రహము చుట్టు తిరుగు నాలుగు ఉపగ్రహములను కనుగొని, ఆయన యూరపు ఖండమంతట ప్రసిద్ధుడై, ఫ్లారెన్సు ప్రభువు ఆస్థానమున గణితవేత్త యయ్యెను. చలనమును గూర్చిన కాగితములు పెట్టెలోనే యుండిపోయెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదను కొపర్నికసు మతమును సమర్థింపరాదని 1616లో మతాధికారులు ఆయనను హెచ్చరించిరి. భూమి కదలినచో గోపురము నుండి విడిచిన రాయి వెనుకబడవలెను గదాయని ప్రతివాదులు ఆక్షేపించుచుండిరి. సాగిపోవు ఓడలో స్తంభముపై నుండి విడిచిన రాయి స్తంభపాదముననే పడునని గెలీలియో సమాధానము. రాయి ఓడ గమనమును తనతో తెచ్చుకొనును. 1632లో ప్రకటించిన సంవాదగ్రంథమున ఈ వాదము విస్తరించుటతో విచారణ తప్పలేదు. 1633 జూన్ 22వ తేదీన రోమునగరమున 69 ఏండ్ల వృద్ధుడు మోకరిల్లి తన మతమును విసర్జించుచున్నట్లు చదివెను. గ్రంథము నిషిద్ధమయ్యెను. ఫ్లారెన్సు చెంత ఆర్చెట్రీలోని స్వగృహమే ఆయనకు చెరసాల యయ్యెను. సమీపమఠమున సన్యాసినియై యున్న పెద్దకుమార్తె మరియా చెలెస్తె ఆయనకు ప్రాణము. ఆమె 1634 ఏప్రిల్‌లో 33 ఏండ్ల వయస్సున మరణించెను.

ఆయన లొంగిపోయెనని నిందించువారు గలరు. జోర్డానో బ్రూనో 1600లో మంటలపాలైనను లొంగలేదు గదాయని వారందురు. కాని ఆ తరువాతి జీవితమును చూడక తీర్పు చెప్పరాదు. దుఃఖము నుండి తేరుకొని గెలీలియో పాడువానాటి కాగితములను వెలికి దీసెను. ఏనాడో గతించిన మిత్రులు సాల్వియాటి, సాగ్రెడోల పేర్లు పాత్రలకుంచి, రెండు నూతనశాస్త్రములను గూర్చిన గ్రంథమును పూర్తిచేసెను. ఇటలీలో దానిని అచ్చువేయు మార్గము లేదు. వ్రాతప్రతి సరిహద్దులు దాటి హాలెండులోని లైడెను నగరమున ఎల్సెవీర్ ముద్రాపకులకు చేరెను. తన ప్రమేయము లేకయే అచ్చయినట్లు ఆయన పైకి చెప్పవలసివచ్చెను. 1638లో గ్రంథము వెలువడునప్పటికి ఆయన రెండు కన్నులును పోయెను.

అయినను ఆలోచన ఆగలేదు. ఒకనాడు నీరు తూచి కాలమును కొలిచిన ఆయన, 1641లో లోలకముచే నడచు గడియారమును ఊహించి కుమారునకు వివరించెను. అది పూర్తికాలేదు. 1656లో హైగెన్సు అట్టిదానిని నిర్మించెను. వివియానీ, టొరిచెల్లీ చెంతనుండగా 1642 జనవరి 8వ తేదీన గెలీలియో కన్నుమూసెను. స్మారకము కట్టింపనెంచిన ప్రభువును మతాధికారులు వారించిరి. 1737లో మాత్రమే ఆయన అస్థులు సాంతా క్రోచె దేవాలయమున సగౌరవముగా నిక్షిప్తమయ్యెను. విచారణలో పొరపాటు జరిగినదని 1992లో పోపు రెండవ జాన్ పాల్ అంగీకరించెను.

1687లో న్యూటను రచించిన చలనసూత్రములు ఈ పునాదిపై లేచినవే. 1971 ఆగస్టులో డేవిడ్ స్కాట్ గాలిలేని చంద్రతలమున సుత్తిని, ఈకను ఒక్కసారి జారవిడువగా రెండును ఒక్కమారే నేల తాకినవి. విద్యార్థులు అంతదూరము పోనక్కరలేదు. ఒక వాలుపలకయు, ఒక గోళీయు, కొలిచి చూడవలెనను పట్టుదలయు నున్నచో గెలీలియో నడచిన త్రోవ నేటికిని తెరచియే యున్నది.